రూపాయికి అణా

తెలుగు సాహిత్యంలో అందరికీ గుర్తుండే దుబారా ఖర్చు గిరీశానిదే. కన్యాశుల్కంలో తెర లేచేసరికే ఆ ఖర్చు జరిగిపోయి ఉంటుంది. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పుచ్చుకుని, ఆ డబ్బు మధురవాణి కింద ఊదేసి, ఇప్పుడు ఊళ్లో మొహం ఎలా చూపించాలా అని ఆలోచిస్తుంటాడు. ఆ సీను చదివి వందేళ్లకు పైగా నవ్వుకుంటూనే ఉన్నాం. ఈమధ్య మళ్లీ చదువుతుంటే నాకు గిరీశం మీద కన్నా పూటకూళ్లమ్మ మీద ధ్యాస పోయింది. ఆవిడ ఆ ఇరవై రూపాయలు అంతకుముందు ఎక్కడ దాచుకునేది?

నాటకం చెప్పదు. మనం ఊహించగలం. పోపుల డబ్బాలో, బియ్యం కుండ అడుగున, బొడ్లో సంచిలో, లేదా కొంగుముడిలో. కాస్త ఎక్కువ పోగైతే కాసు బంగారం. కానీ అప్పటికే ఇంకో చోటు కూడా ఉంది. మన దేశంలో పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు 1882 ఏప్రిల్ 1న మొదలైంది. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో. అంటే నాటకం కన్నా పాస్‌బుక్కు పదేళ్లు పెద్దది. ఆవిడ డబ్బు ఆ పాస్‌బుక్కులో ఉందనుకోండి, గిరీశం కథ అక్కడే తేలిపోయేది. పోస్టాఫీసు తెరిచే వేళ దాకా ఆగాలి, ఫారం నింపాలి, సంతకమో వేలిముద్రో పడాలి, గుమస్తా తీరిగ్గా లెక్క చూడాలి. గిరీశం విద్యంతా ఎదుటి మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకపోవడంలో ఉంది. పోస్టాఫీసు గుమస్తాకి ఆ తొందర ఉండదు.

ఈ వ్యాసం ఆ ఆలస్యం గురించే.

మన ఇళ్లల్లో పొదుపు అనేది గుణం కింద లెక్క. ఫలానా ఆయన పొదుపరి, ఫలానా వాడు చేతికి చిల్లున్నవాడు. మా నాన్న రిటైరైన స్కూలు టీచరు. నా ఫోన్‌కి ఏదో డెలివరీ మెసేజ్ వచ్చినప్పుడల్లా, "ఏరా, మీ తరానికి చేతిలో రూపాయి నిలవదా?" అంటారు. ఆయన దృష్టిలో ఇది తరాల మధ్య నిగ్రహంలో వచ్చిన తేడా. పొదుపు చరిత్ర గురించి దొరికిందల్లా చదువుతూ పోతే నాకు వేరేలా కనిపించింది. మామూలు మనుషుల డబ్బు ముసలితనం దాకా నిలిచిన చోటల్లా, ఆ డబ్బుకీ వాళ్ల చేతికీ మధ్య ఎవరో ఏదో అడ్డం పెట్టారు. ఆ అడ్డం ఎవరు పెట్టారు, ఎవరి మేలు కోసం పెట్టారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంచుకున్నారు అన్నదే అసలు కథ.

తాళం అన్నది ఇక్కడ ఉత్త ఉపమానం కాదు. స్కాట్లండులో రత్వెల్ అనే చిన్న ఊరు. 1810లో అక్కడి చర్చి పాస్టరు హెన్రీ డంకన్ తన ఊరి పేదల కోసం ఒక సేవింగ్స్ బ్యాంకు పెట్టాడు. అప్పటి వ్యాపార బ్యాంకుల్లో ఖాతా తెరవాలంటే పది పౌన్లు ఉండాలి. పాలేళ్లకీ పనమ్మాయిలకీ అది అందని మాట. డంకన్ ఆరు పెన్నీలు ఉంటే చాలన్నాడు. ఆ డబ్బు పెట్టిన పెట్టెకి మూడు తాళాలు. మూడు చెవులూ ముగ్గురు మనుషుల దగ్గర. ముగ్గురూ కలిస్తే తప్ప పెట్టె తెరుచుకోదు. ఆ పెట్టె ఇప్పటికీ ఆ ఊరి మ్యూజియంలో ఉంది. ఆ మూడు తాళాలు దొంగల కోసమే అనుకోవచ్చు. పెట్టె కాపలాదారుల్లో ఒకడు దొంగైతే ఎలా అన్న జాగ్రత్త కూడా అందులో ఉంది. అయితే డబ్బు దాచుకున్నవాడి మీద కూడా అవి పని చేశాయి. శనివారం సాయంత్రం సారా దుకాణం ముందు నిలబడ్డవాడికి ఆ ముగ్గురినీ పోగేసే ఓపిక ఉండదు కదా.

డంకన్ మంచివాడే. కానీ ఆ కాలపు పొదుపు ఉద్యమంలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. పేదవాడు పేదవాడిగా ఉండటానికి కారణం వాడి అలవాట్లేనని దాని లోలోపలి నమ్మకం. శామ్యూల్ స్మైల్స్ 1875లో 'థ్రిఫ్ట్' అని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పొదుపు ఒక నీతి, అప్పు ఒక పతనం. ఈ ధోరణి ఇంగ్లీషు చదువుతో పాటు మన దాకా వచ్చింది. ఇవాళ్టి పర్సనల్ ఫైనాన్స్ వీడియోల్లో కాఫీ మానేస్తే కోటీశ్వరుడివి అవుతావని చెప్పేవాళ్లు, తెలిసో తెలియకో, స్మైల్స్ మునిమనవలే.

మన దేశంలో ఈ నమ్మకాన్ని లెక్కలతో ఢీకొట్టిన రిపోర్టు ఒకటి ఉంది. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం విట్లీ అధ్యక్షతన కార్మికుల మీద ఒక రాయల్ కమిషన్ వేసింది. వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి, ఎన్.ఎం. జోషీ లాంటివాళ్లు అందులో సభ్యులు. 1931లో రిపోర్టు వచ్చింది. చాలా పారిశ్రామిక కేంద్రాల్లో కనీసం మూడింట రెండొంతుల మంది కార్మికులు అప్పుల్లో ఉన్నారని, ఎక్కువమంది అప్పు మూడు నెలల జీతం దాటిపోయిందని కమిషన్ తేల్చింది. అప్పులకి కారణాల్లో పెళ్లిళ్లు, పండగలు ఉన్నాయని చెప్పింది. అక్కడిదాకా స్మైల్స్ కూడా తలూపుతాడు. కానీ కమిషన్ ఇంకో మాట కూడా పట్టుకుంది. జీతాలు నెలకోసారి ఇస్తున్నారు, అది కూడా ఆలస్యంగా. పల్లె నుంచి వచ్చి మిల్లులో చేరినవాడు మొదటి జీతం చూసేలోపే వారాల కొద్దీ తిండి కోసం అప్పు చేయాలి. అంటే ఉద్యోగం మొదలవడమే అప్పుతో మొదలవుతుంది. ఆ తర్వాత వాడెంత నిగ్రహపరుడైతే ఏం లాభం? 1936లో వచ్చిన వేతనాల చెల్లింపు చట్టం, నెల ముగిశాక ఏడో తారీఖు లోపు, పెద్ద సంస్థలైతే పదో తారీఖు లోపు జీతం ఇచ్చి తీరాలంది. ఈ రోజు మనం ఒకటో తారీఖు మెసేజ్ కోసం ఫోన్ చూసుకుంటున్నామంటే, దాని వెనక ఆ అప్పుల చరిత్ర ఉంది.

ఇక వడ్డీ. ఆ రిపోర్టు ప్రకారం మామూలుగా నడిచే వడ్డీ నెలకి రూపాయికి అణా. అణా అంటే రూపాయిలో పదహారో వంతు, 6.25 శాతం. నెలకి 6.25 అంటే సంవత్సరానికి 75 శాతం. అంతకన్నా ఎక్కువ గుంజేవాళ్లూ ఉన్నారు. జీతం రోజున మిల్లు గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డ వడ్డీవ్యాపారి, ఆ జీతం ఇల్లు చేరకముందే తన అణాలు లాక్కునేవాడు.

ఈ అణా గుర్తుపెట్టుకోండి. 1951 నవంబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1952లో చట్టమైన ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్‌లో, కార్మికుడి నుంచి మొదట్లో కోసిన వాటా ఎంతో తెలుసా? జీతంలో 6.25 శాతం. సరిగ్గా రూపాయికి అణా. యజమాని ఇంకో అణా కలపాలి. రెండు అణాలూ ఒకే దాని మీద లెక్క కట్టినవి కావు, ఒకటి అప్పు మీద, ఇంకోటి జీతం మీద. ఈ పోలిక ఎవరో ఆలోచించి పెట్టారని కూడా నేను అనడం లేదు. పదహారో వంతు అన్నది ఆ రోజుల్లో అందరి నోటి లెక్క, అంతే కావచ్చు. అయినా ఈ రెండు అణాల్నీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోయాను. జీతం చేతికి రాకముందే కోసేయడం అనే పద్ధతి వడ్డీవ్యాపారికి ఎప్పుడో తెలుసు. ఇరవై ఏళ్ల తర్వాత ప్రభుత్వం అదే గేటు దగ్గర, అతనికన్నా రెండడుగులు ముందు నిలబడి, అదే పని కార్మికుడి ముసలితనం కోసం చేసింది.

ఆ చట్టం మొదట ఆరు పరిశ్రమలకే: సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగ్ వస్తువులు, ఇనుము ఉక్కు, కాగితం, బట్టలు. అది కూడా యాభై మందికి తక్కువ కాకుండా పనిచేసే ఫ్యాక్టరీలకి. మనవైపు ఇలాంటివంటే వరంగల్ ఆజంజాహి మిల్లు, సిర్పూరు కాగితం మిల్లు, హైదరాబాదులో చార్మినార్ సిగరెట్లు చేసే వజీర్ సుల్తాన్ లాంటివి. చట్టంలో పదో సెక్షన్ నాకు చాలా ఇష్టం. సభ్యుడి ఖాతాలో ఉన్న డబ్బుని అతని అప్పుల కింద ఏ కోర్టూ జప్తు చేయడానికి వీల్లేదంటుంది. గేటు దగ్గర కర్ర పట్టుకున్న మనిషి, చట్టం రాసినవాళ్ల కళ్ల ముందు ఉన్నట్టే అనిపిస్తుంది.

తాళం ఉన్నాక దాన్ని తీయించుకునే కథలూ ఉంటాయి. కూతురి పెళ్లి, ఇంటి స్థలం, ఆస్పత్రి, చదువు. ఒక్కో అవసరానికీ ఒక్కో నిబంధన, దానికో ఫారం. పాత ఉద్యోగుల్ని అడిగితే ఫారం 31 చుట్టూ తిరిగిన కథలు చెబుతారు. తన డబ్బు తనకివ్వమని అడగటానికి, తన బిడ్డ పెళ్లి నిజమేనని గుమస్తా ముందు రుజువు చేసుకోవాల్సి రావడం. కాపాడే తాళమే చిన్నబుచ్చుతుంది కూడా. ఇది మర్చిపోయి పీఎఫ్‌ని ఆకాశానికెత్తడం నాకిష్టం లేదు.

అసలు రిటైర్మెంట్ అనే మాటకి మన నోటి భాషలో సరైన తెలుగు లేదు. 'పదవీ విరమణ' సన్మానపత్రాల్లో కనిపిస్తుంది, మాట్లాడేటప్పుడు అందరూ 'రిటైరయ్యారు' అనే అంటారు. పొలంలో పనిచేసేవాడికి కాళ్లూ చేతులూ ఆడినన్నాళ్లూ పని, ఆ తర్వాత కొడుకు. ఫలానా వయసుకి పని ఆపేసి, అప్పుడూ నెలనెలా డబ్బు అందుకోవడం అన్నది 1889లో బిస్మార్క్ జర్మనీలో చట్టం చేసేదాకా మామూలు కార్మికుడి ఊహలో లేదు. అప్పుడు పెన్షన్ వయసు డెబ్బై. దాన్ని అరవై అయిదు చేసింది 1916లో. ఎంతమంది డెబ్బై దాకా బతికేవారో బిస్మార్క్‌కి తెలియదనుకోను.

మళ్లీ పూటకూళ్లమ్మ దగ్గరికి వద్దాం. పీఎఫ్ రావాలంటే యజమాని ఉండాలి. ఆవిడకి ఆవిడే యజమాని. ఇలాంటివాళ్లకి, అంటే చిన్న దుకాణాలవాళ్లకీ, నేతగాళ్లకీ, బండి మీద అమ్ముకునేవాళ్లకీ తాళం ఎవరు వేశారు? ఒక జవాబు కర్ణాటక తీరంలో దొరుకుతుంది. 1925లో ఉడిపిలో మొదలైన బ్యాంకు, తర్వాత సిండికేట్ బ్యాంకుగా పేరు మార్చుకుంది. 1928లో పిగ్మీ డిపాజిట్ అని ఒక పథకం పెట్టింది. ఏజెంటు రోజూ ఇంటికో దుకాణానికో వచ్చి రెండణాలు తీసుకెళ్తాడు. అంతే. వడ్డీ సంగతి తర్వాత, సాయంత్రానికి గల్లాలో డబ్బు ఖర్చయ్యేలోపు ఒక తెలిసిన మనిషి గుమ్మంలో నిలబడతాడు. ఇవాళ లేదు పో అనడానికి మొహమాటం అడ్డొస్తుంది. ఆ మొహమాటమే తాళం.

మనవైపు చీటీది కూడా ఇదే సూత్రం, కాకపోతే ఇంకాస్త గడుసైనది. ఇరవై మంది నెలకి వెయ్యి చొప్పున వేస్తారు, ప్రతి నెలా పాట. అవసరం ఉన్నవాడు ఎక్కువ కోతకి ఒప్పుకుని ముందే పాడుకుంటాడు, ఆ కోత మిగతావాళ్లకి పంచుతారు. చివరిదాకా ఆగినవాడికి లాభం. అంటే ఒకే గుంపులో తొందరపడ్డవాడు ఆగినవాడికి వడ్డీ కడుతున్నాడన్నమాట. తాళం వీధిలో పరువు. ఎగ్గొడితే ఆ వీధిలో తిరగలేం. చీటీ వేసిన మనిషే రాత్రికి రాత్రి ఊరు దాటిపోతే మాత్రం చేయగలిగింది పెద్దగా లేదు. అలా మునిగిన కుటుంబం లేని వీధి కోస్తాలో చూపించండి. అగ్రిగోల్డ్ మునిగినప్పుడు లక్షల మంది పోగొట్టుకున్నది ఇలా గుమ్మం దాకా వచ్చిన ఏజెంటు చేతిలో పెట్టిన డబ్బే. ఆ ఏజెంట్లలో చాలామంది పక్కింటివాళ్లు, బంధువులు. మొహమాటం రెండువైపులా పదునున్న కత్తి. పూటకూళ్లమ్మకి ఉన్న వసూలు మార్గం చీపురుకట్ట ఒక్కటే. అది కూడా గిరీశానికి తగలాల్సింది రామప్పంతులుకి తగిలింది.

పోపుల డబ్బా తాళం ఇంకోరకం. అది రహస్యం. అక్కడ డబ్బు ఉందని మొగుడికి తెలియకపోవడమే దాని భద్రత. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయినప్పుడు దేశమంతటా ఆ డబ్బాలు ఒక్కసారిగా వంటింట్లోంచి బయటికి రావాల్సొచ్చింది. గృహిణులు రెండున్నర లక్షల దాకా జమ చేస్తే ప్రశ్నించమని ప్రభుత్వం హామీ ఇచ్చింది. పన్నుశాఖ అడగదు సరే, ఇంట్లోవాళ్లు అడగరా? ఏళ్ల తరబడి దాచిన రహస్యం ఒక్క బ్యాంకు క్యూలో పోయింది. ఆ నష్టాన్ని ఎవరూ లెక్కకట్టలేదు.

ఇప్పుడు ఈ తాళాలన్నీ విప్పుకుంటూ వచ్చిన కథ. ఇందులో మన తెలుగువాళ్లకి ఒక ప్రత్యేకమైన చోటుంది. 1923లో బందరులో భోగరాజు పట్టాభిసీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టారు. పత్రికా, బ్యాంకూ, ఇన్సూరెన్సు కంపెనీ, ఇవన్నీ ఆ తరానికి స్వాతంత్ర్య పోరాటంలో భాగాలే. మనవాళ్ల డబ్బు మనవాళ్ల చేతుల్లో పోగవ్వాలన్నది ఆశయం. అదే ఆంధ్రా బ్యాంకు 1981లో, దేశంలో క్రెడిట్ కార్డు తెచ్చిన మొదటి బ్యాంకుల వరసలో నిలబడింది. ఇది తప్పని నేననను, బ్యాంకు అన్నాక అప్పివ్వాలి. కానీ దాచుకోమని పుట్టిన బ్యాంకు, ఇంకా సంపాదించనిది ఖర్చుపెట్టే కార్డు చేతికివ్వడానికి పట్టింది యాభై ఎనిమిదేళ్లు. పట్టాభి 1959లోనే పోయారు. ఆయన ఆ కార్డు చూసుంటే ఏమనేవారో నాకు కుతూహలం.

ఆ కార్డు తర్వాతి కథ మా వృత్తిది. నేను పనిచేసేది ఆన్‌లైన్ చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌లో. కొందామా వద్దా అని మనసు ఊగే క్షణానికీ, డబ్బు కట్ అయ్యే క్షణానికీ మధ్య ఎన్ని సెకన్లు, ఎన్ని మెట్లు, ఒక్కో మెట్టు దగ్గర ఎంతమంది వెనక్కి తిరిగిపోతున్నారు అన్నది మాకు రోజూ కనబడే లెక్క. వెనక్కి తిరిగినవాడు మా భాషలో 'డ్రాప్ ఆఫ్'. మెట్టు తీసేసినవాడికి మంచి రేటింగ్. 1999లో అమెజాన్‌కి ఒకే క్లిక్కుతో కొనడం మీద అమెరికాలో పేటెంటు వచ్చింది. ఒక మెట్టు తీసేయడం కూడా ఆస్తి కాగలదని ప్రపంచానికి అప్పుడు తెలిసింది. అంతకన్నా ముందే, 1962లో హాకిన్స్ స్టెర్న్ అనే ఆయన, అనుకోకుండా కొనేయడాన్ని రకాలుగా విడదీస్తూ మార్కెటింగ్ పత్రికలో వ్యాసం రాశాడు. కొనేవాడి బలహీనతలో కన్నా అమ్మే పద్ధతిలో, అంటే వస్తువు ఎక్కడ పెట్టారు, ఎంత సులువుగా దొరుకుతోంది అన్నదాంట్లో కారణాలు వెతికాడు. మా నాన్నకి తర్జుమా చేసి వినిపించాలనిపించే వ్యాసం అది.

ఈ పరుగులో మన దేశంలో ఎదురునిలిచిన తాళం ఒకటుంది, ఓటీపీ. 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్‌లో కార్డు వాడితే రెండో ధ్రువీకరణ తప్పనిసరని రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది. 2021 అక్టోబరు నుంచి నెలనెలా దానంతటదే కట్ అయ్యే చెల్లింపులకి ఇరవై నాలుగు గంటల ముందు మెసేజ్ పంపి తీరాలంది. ఇవి మోసాల నుంచి కాపాడటానికే. ఈ రూళ్లు వచ్చినప్పుడల్లా మావాళ్లు తెగ విసుక్కున్నారు. నాకు మాత్రం ఆ ఆరంకెల కోసం ఎదురుచూసే పది సెకన్లలో రత్వెల్ పెట్టె గుర్తొస్తుంది. 2016లో వచ్చిన యూపీఐలో ఆ పది సెకన్లు కూడా పోయాయి. పిన్ను మన వేళ్లకే వచ్చేస్తుంది.

ఇటు ఖర్చు వైపు మెట్లు తగ్గుతుంటే అటు పొదుపు వైపు తాళం చిన్నదైపోయింది. దీని మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు. పీఎఫ్ వాటా ఇప్పుడు 12 శాతం. కానీ చట్టం తప్పనిసరి చేసేది 15,000 జీతం దాకానే. ఆ పరిమితి 2014 సెప్టెంబరు నుంచి అలాగే ఉంది. పదిహేను వేలలో 12 శాతం అంటే 1,800. చాలా ఐటీ ఆఫర్ లెటర్లలో పీఎఫ్ గడిలో కనిపించేది సరిగ్గా ఈ అంకె. నెలకి లక్ష తీసుకునేవాడి నుంచి కోసేది 1,800, అంటే 1.8 శాతం. ఆజంజాహి మిల్లు కార్మికుడి అణాలో మూడో వంతు కూడా కాదు. యజమాని తన వంతు కలిపాక కూడా ఆ మిల్లు లెక్కకి చాలా దూరం. ఎందుకిలా అంటే 'టేక్‌హోమ్ ఎక్కువ కనిపిస్తుంది' అంటారు. చేరేవాడూ సంతోషిస్తాడు.

అమెరికా ఆర్థికవేత్తలు థేలర్, బెనార్ట్జీ 2004లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. జీతం పెరిగినప్పుడల్లా ఆ పెరుగుదలలో కొంత దానంతటదే పొదుపులోకి వెళ్లేట్టు ముందే ఒప్పించారు. నలభై నెలల్లో పొదుపు 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. మనుషులు మారలేదు, గుణాలు మారలేదు. ఈ ఆలోచనలకి తర్వాత నోబెల్ గుర్తింపు కూడా వచ్చింది. చేతికి రాకముందే తీసేయాలన్న సంగతి మాత్రం మనకి 1952లోనే తెలుసు. తేడా ఒక్కటే, వాళ్లు అడిగి తీశారు, మనవాళ్లు అడక్కుండా తీశారు.

మా నాన్న పాత జీతం బిల్లులు ఒకసారి ముందేసుకుని చూశాను. జీపీఎఫ్ కోత, ఏపీజీఎల్ఐ కోత, గ్రూపు ఇన్సూరెన్సు కోత. ఇవన్నీ పోగా చేతికొచ్చిందే జీతమని మా ఇల్లు నడిచింది. పైగా పాత పెన్షన్. దాచాలా వద్దా అని ఆయన ఏ నెలా నిర్ణయించుకోవాల్సిన పని పడలేదు. ఆయన పిసినారి కాడు. పుస్తకాల షాపులోకి వెళ్తే ఖాళీ చేతుల్తో తిరిగొచ్చిన మనిషి కాడు. అదే ఉద్యోగంలో 2008లో చేరిన మా పెద్దమ్మ కూతురికి ఆ పెన్షన్ లేదు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన ఉద్యోగులందరికీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సీపీఎస్ అమలుచేసింది. వాటా కట్టాలి, మార్కెట్టు ఎంతిస్తే అంత. అక్క బాబాయి కన్నా జాగ్రత్తగా ఖర్చుపెడుతుంది. ముసలితనం మీద భయం మాత్రం అక్కకే ఉంది.

2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు ముందస్తుగా డబ్బు తీసుకునే పదమూడు రకాల నిబంధనల్ని మూడుకి కుదించింది. పెళ్లి నిజమని రుజువు చేసుకునే బాధ చాలావరకు పోతుంది. దాంతోపాటే ఖాతాలో పాతిక శాతం ఎప్పుడూ ఉండి తీరాలంది. ఉద్యోగం పోయాక మొత్తం తీసేసుకోవడానికి అంతకుముందు రెండు నెలలు ఆగితే చాలు, దాన్ని పన్నెండు నెలలు చేసింది. ఆ వారం మా ఆఫీసు వాట్సాప్ గ్రూపు ఉడికిపోయింది. నా డబ్బుకి నువ్వెవరివి తాళం వేయడానికి అని ఒకరు. తాళం లేకపోతే ఈపాటికి నీ దగ్గర ఏమీ ఉండేది కాదని ఇంకొకరు.

ఆ గ్రూపులో అంతకు మూడు నెలల ముందు ఉద్యోగం పోయిన మిత్రుడొకడున్నాడు. ముప్ఫై తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. మావాళ్లందరూ చెవి ఎవరి దగ్గర ఉండాలో వాదించుకుంటుంటే వాడు ఒక్క మెసేజ్ పెట్టాడు. పాతిక శాతం పోను తన ఖాతాలో ఎంత తీసుకోవచ్చో, దాంతో ఎన్ని ఈఎమ్ఐలు కట్టొచ్చో లెక్క. నాలుగు. తొమ్మిదేళ్లుగా వాడి పీఎఫ్ నెలకి 1,800 చొప్పున పడుతూ వచ్చింది.